జత కుదరని జోళ్ళు

చోడవరంలో చెప్పులు కుట్టే నోవహుకి ఒకటే పిచ్చి. ఆయన చేతిలో పుట్టిన జతలో ఎడమది కుడిదానికి దూరపు చుట్టం కూడా కాదు. ఒకటి చెరుకు బండి టైరుతో బెత్తెడు ఎత్తు లేస్తే, రెండోది అప్పడంలా నేలకి అంటుకుని ఉంటుంది. ఒకదానికి స్కూలు బ్యాగు పట్టీ, రెండోదానికి గొడుగు గుడ్డ. బైబిల్లో ఆ పేరుగల పూర్వీకుడు జీవాలన్నిటినీ జతలు జతలుగా ఓడెక్కించాడట. ఈయనకి జత అంటేనే గిట్టదు.

“ఏటయ్యా ఇది?” అని భార్య జ్ఞానకుమారి తల బాదుకునేది.

“డిజైను.”

“మనుషులు తొడుక్కునేదేనా?”

“ఒసే, పూర్వం దొరలకి కూడా రెండు కాళ్ళకీ ఒకే అచ్చున కుట్టేవోరట. కుడీ ఎడమా అని కుట్టినోడ్ని సూసి నవ్వేసుంటారు. ఫేషను నవ్వుతోనే మొదలవుతాది.”

“మనకాడ నవ్వుతోనే ఆగిపోనాది.”

ఆగిపోయినా బాగుండును. ఉత్తినే ఇస్తానంటే వద్దనేదెవరు? ఏడాది తిరక్కుండా చర్చిలో సగంమంది కాళ్ళకి అవే. ప్రార్థన ముగిశాక అందరూ అవి తొడుక్కుని ఊగుతూ వస్తుంటే, వీళ్ళు ఏ సారా కొట్టునుంచి వస్తున్నారోనని దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు. జ్ఞానకుమారి సిగ్గుతో కొంగు మొహం మీదికి లాక్కునేది. చెప్పులు కుట్టేవాడి పెళ్ళామై ఉండి, తను మాత్రం బజార్లో కొన్న నల్ల చెప్పులు వదల్లేదు.

ఇంతలో కోతపండక్కి వడ్డాది నుంచి ఆమె అక్క వచ్చింది. ఆవిడ నోట్లో పడితే వడ్డాది సంతలో పడ్డట్టే. అందుకని జ్ఞానకుమారి ఆవిడకంటే ముందే చర్చికి పరుగెత్తింది. మెట్ల దగ్గర విప్పిన చెప్పుల్లో, అన్నిటికంటే వికారమైన ఎత్తు చెప్పొకటి పెళ్ళికొడుకులా ముందు నిలబడి ఉంది. మొగుడిదే అనుకుని, అదొక్కటైనా అక్క కంట పడకూడదని వేళ్ళ కొసలతో ఎత్తి నీళ్ళ డ్రమ్ము వెనక్కి గిరాటేసింది.

ఆరాధన అయ్యాక అక్కతో బయటికొస్తే, పదో క్లాసు పిల్ల రెజీనా గోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడి ఉంది.

“మామ్మా, నా ఎత్తు చెప్పు కనబడ్డం లేదు.”

“నీదా అది?”

“నా ఎడంకాలు పొట్టి కదా. ఇదివరకు ఇక్కడ నాదొక్కటే అలాగుండేది. కుర్రోళ్ళు దాన్ని తన్ని ఆడుకునేవోరు. అందుకే ఇప్పకుండా బైటే కూకునేదాన్ని. తాతగారు అందరికీ ఇలాటివే కుట్టేసినాక, ఏది నాదో ఎవులికీ తెల్దు.” పిల్ల నవ్వింది. “ఇయ్యేళ నాకూ తెల్డం లేదు!”

జ్ఞానకుమారికి భూమిలోకి దిగిపోయినంత పనైంది. చెప్పులు విప్పకుండా బయట కూర్చునే ఆ పిల్లని, భక్తి లేని గుంట అని ఊరంతా చెప్పింది తనే. డ్రమ్ము వెనక్కి వెళ్ళి, చెప్పు తెచ్చి, పట్టుచీర కొంగుతో తుడిచి, తనే పిల్ల కాలికి తొడిగింది. నోవహు చూసీ చూడనట్టు చర్చి కప్పులో పెంకులు లెక్కపెడుతున్నాడు.

“ఒసే జ్ఞానం,” అక్క ముక్కుమీద వేలేసుకుంది, “ఏటే ఈ ఎగుడుదిగుడు చెప్పులు? ఊరందరికీ ఏటొచ్చింది?”

జ్ఞానకుమారి ఒక కాలికి తన నల్ల చెప్పు, రెండో కాలికి మొగుడి ఎత్తు చెప్పు తొడుక్కుంది.

“ఏటక్కా, మీ వడ్డాదిలో ఇంకా జతలే తొడుక్కుంటన్నారా?” అని, తల ఎత్తుకుని ఊగుతూ నడిచింది.

మిగిలిన ఆడచెప్పులో కాలు ఇరికించుకుని నోవహు వెనకే బయల్దేరాడు.

“డిజైను బావుంది,” అన్నాడు.