ఇనప జాలీ వెనక మొహం

మా ఆయన పేరు మధుసూదన్. తెనాలి గంగానమ్మపేటలో మేడ మీద ఫొటో స్టూడియో. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు తన కెమెరా ముందే జరిగాయని చెప్పుకుంటాడు గానీ, నన్నడిగితే ఆయన పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు కాదు, బేస్‌బాల్ ఫొటోగ్రాఫరు. అవునండి, బేస్‌బాలే. ఈ చుట్టుపక్కల ఆ ఆట ఆడినవాళ్ళంతా ఒక్క లారీలో పడతారు. చూసినవాళ్ళు ఆ లారీ డ్రైవరు పక్కన పడతారు. దానికోసం ఈ మనిషి ఎన్ని ఫిల్ము రోళ్ళు తగలేశాడో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఇదంతా దేవసహాయం మాస్టారి పుణ్యం. ఎనభైల్లో బాపట్లలో డ్రిల్లు మాస్టారుగా ఉండేవారాయన. ఎక్కడ నేర్చుకున్నారో ఏమో, సూర్యలంక నుంచి వేటకెళ్ళే కుర్రాళ్ళని పోగేసి ఈ ఆట నేర్పారు. కొట్టే కర్రలు వడ్రంగి చేత చెక్కించారు. కొట్టేవాడి వెనకాల గొంతుక్కూర్చుని బంతి పట్టేవాణ్ణి క్యాచర్ అంటారట. వాడి మొహానికి కొనుక్కునే జాలీ దొరక్క, సైకిలు షాపులో ఇనపచువ్వలు వెల్డింగ్ చేయించారు. అది పెట్టుకుంటే మొహంలో ముక్కూ కనపడదు, మూతీ కనపడదు.

ఆ ఆట ఫొటోలు తీయడానికి మా ఆయన ఎంతకి తెగించాడో ఒకటి చెబుతాను. నందివెలుగులో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళి. తలంబ్రాల వేళకి చూస్తే కెమెరా లేదు, కెమెరా పట్టుకునే అల్లుడూ లేడు. రేపల్లెలో బాపట్లకీ రేపల్లెకీ ఫైనలని, చెప్పాపెట్టకుండా రేపల్లె రైలెక్కి పోయాడు. ఆ పెళ్ళి ఆల్బంలో తలంబ్రాలు ఈనాటికీ లేవు. మా పెదనాన్న పోయేవరకూ మా గుమ్మం తొక్కలేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. మా ఇంట్లో ఆ రోకలి నా నెత్తిన పడింది.

నేనూ ఆ స్టూడియోలో ఊరికే కూర్చోలేదు. టచింగ్ పని నాది. సన్న బ్రష్షు, పెన్సిలు పెట్టి ఫొటో మీద మచ్చలు తీసేదాన్ని, వెలిసిన చీరకి అంచు దిద్దేదాన్ని. ఎవరైనా పోయి, వాళ్ళకి బతికుండగా తీయించుకున్న ఫొటో లేకపోతే, పాడె మీదకి చేర్చేలోపు మా ఆయన వెళ్ళి శవం ఫొటో తీసుకొచ్చేవాడు. మూసుకున్న కళ్ళు నేను తెరిచేదాన్ని. జీవితంలో కోటు ముట్టుకోనివాడికి కోటు తొడిగేదాన్ని. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు చూడండి, తెనాలి గోడల మీది ఆ చారెడు కళ్ళు చాలామటుకు నేను గీసినవే.

ఆట ఫొటోల మీద మాత్రం నన్ను చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "ఆటలో జరిగింది జరిగినట్టే ఉండాలి కుసుమా. అందులో అబద్ధం కలిపితే ఇంక ఆటెందుకు?" అనేవాడు. చచ్చినవాళ్ళకి కోట్లు తొడిగించి బియ్యం కొన్న మనిషి చెప్పే నీతి అది!

ఇప్పుడు అవన్నీ అయిపోయాయి. ఎవరి ఫొటో వాళ్ళే తీసుకుంటున్నారు. మేడ మెట్లు చూస్తేనే నా మోకాళ్ళు ఏడుస్తాయి. ఆయనకి ఒక కంట్లో పొర వచ్చింది. ఇంక ఓపిక లేదు, వేసంగిలోపు స్టూడియో ఖాళీ చేసేద్దామనుకున్నాం. అట్టపెట్టెలు దించుతుంటే పాడైపోయిన ఫిల్ము పులిసిన వాసన. ఒక్కో పెట్టే దించడం, కాసేపు కూర్చోవడం, మళ్ళీ లేవడం. బతుకంతా మోసింది చాలక చివర్లో ఇంకోసారి మోస్తున్నట్టుంది.

అలాంటి రోజుల్లో పోలమ్మ వచ్చింది. సూర్యలంకలో చేపల బేరం చేసుకునే మనిషి. ఎప్పుడైనా తెనాలి వస్తే ఎండు మెత్తళ్ళ పొట్లం ఇచ్చి, మంచీ చెడూ మాట్లాడి పోతుంది. ఈసారి చంకలో టవలు చుట్టిన పటం తెచ్చింది. విప్పకముందే అదేంటో నాకు తెలుసు.

ఆమె భర్త మల్లికార్జునరావు ఆ బాపట్ల జట్టు క్యాచర్. తొంభైలో వచ్చిన తుఫానుకి వాళ్ళ ఇల్లూ, ఇంట్లోని పెళ్ళి ఫొటోలూ కొట్టుకుపోయాయి. తర్వాత కొన్నాళ్ళకే పడవ తిరగబడి ఆయనా పోయాడు. శవం కూడా దొరకలేదు. అప్పుడు పోలమ్మ కడుపుతో ఉంది. ఒక్క ఫొటో ఉంటే ఇప్పించండని ఏడుస్తూ మా మెట్లెక్కింది. జట్టుని నిలబెట్టి తీసిన ఫొటో ఒక్కటీ లేదు. మా షోకేసులో ఆయనదొకటుంది. గొంతుక్కూర్చుని, మొహానికి జాలీతో. అదే తీసి ఇచ్చాం. అదే పటం కట్టించుకుంది. మొహం ఉండాల్సిన చోట ఇనపచువ్వలు, అద్దం మీద సరిగ్గా ఆ చువ్వల నడుమ కుంకుమ బొట్టు. ముప్పై ఏళ్ళ పైనుంచీ దానికే దణ్ణం పెట్టుకుంటోంది.

"నాగవేణి ఇల్లు కట్టుకుందక్కా. వచ్చే నెల్లో గృహప్రవేశం" అంది పోలమ్మ. నాగవేణి ఆ కడుపులో ఉన్న పిల్లే. "పాలు పొంగించాక పెద్దలకి బట్టలు పెట్టుకోవాలి గదా. మనవడేమో ఈ పటం చూసి బోను తాత, బోను తాత అంటున్నాడు. కొత్తింట్లోనూ ఆయన్ని బోనులోనే కూర్చోబెట్టనా? నువ్వు చచ్చినోళ్ళ కళ్ళు తెరిచావంటగా. ఈ జాలీ ఒక్కటీ తీసెయ్యక్కా."

రెప్ప కింద కన్ను ఉంటుందని నాకు తెలుసు, అందుకే తెరవగలిగాను. ఆయన మొహం నేనెప్పుడూ చూడందే ఏం గీయను? మా ఆయన్ని అడిగితే, "నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. మంచి చెయ్యి" అన్నాడు. చెయ్యెవరిక్కావాలి!

మా అమ్మాయి సాయిసుధ రేపల్లెలో టీచరు. ఆదివారం వచ్చి, "దీనికింత బాధపడతారేంటమ్మా? ఫోనే చేసిపెడుతుంది" అని ఆ ఫొటోని ఏదో యాప్‌లో పెట్టింది. టీ మరిగేలోపు జాలీ మాయమైంది. దాని వెనక చక్కటి మొహం, చక్కటి నవ్వు. నేను నలభై ఏళ్ళు బ్రష్షు పట్టుకుని చెయ్యలేనిది అది చిటికెలో చేసింది. ఈర్ష్య పడే ఓపిక కూడా లేకపోయింది నాకు.

తల్లీకూతుళ్ళని రమ్మన్నాం. పోలమ్మ ఫోన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఎవరమ్మా ఈ అబ్బాయి? మా ఆయనకి ఇన్ని పళ్ళు లేవు" అంది. "ఆ జాలీ చేయించకముందు బంతి తగిలి ముందు పన్ను విరిగింది. ఆ తర్వాతే గదా మాస్టారు జాలీ చేయించింది."

"పన్ను తీసేయమంటే తీసేస్తుందండి" అంది సాయిసుధ.

"పన్నొక్కటే కాదమ్మా. ఈయన ఆయన కాదు."

నాగవేణి మాత్రం ఫోను వదలడం లేదు. "బాగున్నాడు పిన్నిగారూ. ఇదే పటం కట్టించండి" అంది నాతో.

"వేణీ, ఈయన మీ నాన్న కాదే!"

"నీకు తెలుసు గాబట్టి నువ్వు కాదంటావు. నాకేం తెలుసమ్మా? ఇన్నేళ్ళూ ఇనపచువ్వలకి దణ్ణం పెట్టాను. నాన్నా అనుకోడానికి ఎవరిదో ఒకరిది, ఒక మొహమంటూ ఉంటే చాలు."

పోలమ్మ కొంగుతో పటం అద్దం తుడుచుకుంటూ కూర్చుంది. "సరేనమ్మా, నీ ఇల్లు, నీ ఇష్టం" అంది ఆఖరికి. ఆ మాట అనడానికి ఆమె ఎంత అలిసిపోయి ఉండాలో నాకర్థమైంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి ఆమె మొగుడి స్థానంలో గోడెక్కబోతున్నాడు. దానికి దారి చూపించింది మేమే.

ఆ పూట అన్నాలు తింటుంటే మా ఆయన మళ్ళీ రేపల్లె ఫైనల్ కథ మొదలుపెట్టాడు. ఈ కథ నేను వెయ్యిసార్లు విన్నాను, అంటే వెయ్యిసార్లు వినకుండా ఊ కొట్టాను. ఆఖరి బంతి నిట్టనిలువునా పైకి లేవడం, అది పట్టుకుంటే బాపట్ల గెలిచినట్టే కావడం, మల్లికార్జునరావు చేతుల్లోకొచ్చి జారిపోవడం, రేపల్లె వాళ్ళు కప్పు ఎత్తుకుపోవడం. విసుగొచ్చి మజ్జిగ పోసుకుంటున్నాను.

"బంతి లేవగానే జాలీ పీకి అవతలకి విసిరేశాడు కుసుమా. తలెత్తి సూర్యుడిలోకి చూస్తూ..."

మజ్జిగ గిన్నె చేతిలోనే ఆగిపోయింది. "ఏంటీ? జాలీ విసిరేశాడా?"

"విసరకపోతే బంతెలా కనపడుద్ది? పైకి లేస్తే క్యాచర్ ఎవడైనా జాలీ విసిరేస్తాడు."

"మీరు తీశారా అది?"

"తీశాను. ప్రింటు వెయ్యొద్దన్నారు మాస్టారు. కుర్రాడు సిగ్గుతో చచ్చిపోతాడు, ఆ బంతి సంగతి ఎవరూ ఎత్తొద్దన్నారు. అందుకే..."

అని ఆయనా ఆగిపోయాడు. ఓరి భగవంతుడా! ఇన్నేళ్ళూ ఆయన కంటికి ఆ ఫొటోలో జారిపోయిన బంతి తప్ప మొహం ఆనలేదు. నేను కథే వినలేదు. ఇద్దరికిద్దరం సరిపోయాం.

మర్నాటి నుంచి వెతుకులాట. ఆయన కన్ను ఆనదు, నా మోకాలు వంగదు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో ఫిల్ము ముక్కా వెలుగుకి ఎత్తి చూడటం, ఆయన పెట్టె అందించడం. కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తే పొరలుగా లేచిపోతున్నాయి. ఒక్కోటి అలా పోయినప్పుడల్లా ఆయన మొహం పక్కకి తిప్పుకునేవాడు. "వదిలేద్దాం కుసుమా, ఫోనులోదే కట్టుకుంటారు" అని కూడా అన్నాడు. "నోర్మూసుకుని పెట్టె తియ్యండి" అన్నాను. ఆయన పిచ్చి నాకు అంటుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

గృహప్రవేశం వారముందనగా దొరికింది, నందివెలుగు పెళ్ళి రోలుకి తోకగా. పెళ్ళికూతుర్ని గౌరీపూజలో కూర్చోబెట్టిన ఫొటో, దాని పక్కనే రేపల్లె గ్రౌండు. నెగటివులో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా ఉంటుంది. నల్లటి ఆకాశం, దానికేసి ఎత్తిన తెల్లటి మొహం. మొహానికి అడ్డం ఏమీ లేదు. తెరుచుకున్న నోట్లో నల్లటి పళ్ళవరస, వరస మధ్య తెల్లటి ఖాళీ. జాలీ పక్కన గాల్లో ఉంది. బంతి ఫొటోలోకి రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకి చూపిస్తే, "దొరికావురా అబ్బాయ్" అని పెట్టె మీదే కూలబడ్డాడు.

ల్యాబులో పెద్దది చేయించి, పటం కట్టించి, గృహప్రవేశం నాడు పొద్దున్నే బాపట్లలో రైలు దిగి ఆటోలో సూర్యలంక చేరాం. ఎండకి కళ్ళు చికిలించుకుని, నోరు తెరిచి ఉన్న మొహం. టచింగ్ మనిషిని గదా, ఆ పన్నైనా పూడ్చనా అని దారంతా నా చెయ్యి పీకింది. మా ఆయన ఒప్పుకోలేదు.

పోలమ్మ కాగితం విప్పి చూసింది. అరవలేదు, ఏడవలేదు. విరిగిన పన్ను మీద వేలు పెట్టింది. "ఈయనే" అంది. "ఇదుగో వేణీ, మీ నాన్న. చూడు. బోనులోంచి బయటికొచ్చాడు."

నాగవేణి దగ్గరికొచ్చింది. ఆ ఫోనులో అందగాడిలా లేడు మరి. ఆ పిల్లకి నచ్చుతాడో లేదోనని దాని మొహమే చూస్తున్నాను. చూసింది, చూసింది. "ఏంటమ్మా, ఇంత చిన్నవాడా మా నాన్న?" అంది. నిజమే, పటంలో ఆయన ఇప్పటి నాగవేణికంటే ఎంతో చిన్నవాడు.

కాసేపటికి తేరుకుని మా ఆయన వైపు తిరిగింది. "పైకేం చూస్తున్నాడు బాబాయిగారూ?"

"బంతమ్మా. పైనుంచి పడుతోంది."

"పట్టాడా?"

పొయ్యి మీద పాల గిన్నె చిటపటమంటోంది. పోలమ్మకి తెలుసు, ఆ రోజు ఆయన ఇంటికెలా వచ్చాడో చూసింది ఆమే గదా. నాకు తెలుసు. రేపల్లెలో ఆ వయసువాళ్ళందరికీ తెలుసు. ఆటలో అబద్ధం కలపకూడదనే మనిషి నోరు తెరిచి, మూసి, పోలమ్మ కేసి చూశాడు.

"పట్టాడు" అంది పోలమ్మ.

"పట్టాడమ్మా" అన్నాడు మా ఆయన. "రెండు చేతులతో పట్టాడు. గ్రౌండంతా లేచి నిలబడింది."

నాగవేణి పటాన్ని గుండెకి ఆనించుకుని కొడుకుని కేకేసింది. పాలు పొంగాయి. బట్టలు పెట్టారు. మాకు పప్పన్నం, చేపల పులుసు వడ్డించారు. మా ఆయన తల ఎత్తకుండా తిన్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. తెనాలి దగ్గరపడుతుండగా, నిద్రపోతున్నాడనుకున్న మనిషి కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"పట్టుంటే ఎంత బాగుండేది కుసుమా" అన్నాడు.