జోడీ లేని సెలవు

మా ముత్తాత దేశ్‌ముఖ్. ఘట్‌కేసర్ అవతల కొన్ని ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు చేరేది. మా తాత కాలానికి ఊళ్లు చేజారాయి కాని పేరు చేజారలేదు. నాచారం ఇంకా పల్లెగా ఉన్నప్పుడే ఆయన అక్కడ బావి, మామిడితోట చూసి ఇల్లు కట్టించాడు. తగాదా వస్తే జనం ఠాణాకు పోకముందు ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన వరండాలోకి అడుగుపెడితే కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు.

నాయనమ్మ ఈ సంగతులు చెప్పేటప్పుడు ఒకటి మాత్రం ఎన్నడూ వదిలిపెట్టేది కాదు. జీతగాడికి బిడ్డ పెళ్లికో, తల్లి చావుకో సెలవు కావాలంటే, తన బదులు పనిచేసే మనిషిని వెంటబెట్టుకుని రావాలట. ఇద్దరూ మెట్ల కింద చెప్పులు విడిచి నిలబడాలి. వచ్చినవాడు "నేను చూసుకుంట దొరా" అన్న తర్వాతే తాత తల ఊపేవాడు. ఒంటరిగా వచ్చినవాడితో మాట్లాడేవాడే కాదు. ఎంత కట్టుదిట్టమో చూడమని నాయనమ్మ మురిసేది. నేనూ మురిశాను.

తోట పరిశ్రమలకు పోయింది. ఇల్లు, బావి మిగిలాయి. మా బాపు ఏ ఉద్యోగమూ చేయలేదు. అవసరం లేదన్నట్టే ఆయన్ను పెంచారు; అవసరం వచ్చేసరికి వయసు దాటింది. అయినా ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు లేకుండా ఆయన గేటు దాటడం నేను చూడలేదు. నన్ను డాక్టర్ని చేశాడు. ఎంబీబీఎస్ అయ్యాక ఉప్పల్ దాటి ఒక ప్రైవేటు బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్‌లో పీజీగా చేరాను. మెట్రో కోసం రింగురోడ్డును తవ్విపోస్తున్న రోజులు. నాచారం నుంచి బండి మీద దుమ్ములోంచి పోయి వచ్చేవాణ్ని.

పీజీలకు ఏడాదికి ఎన్ని సెలవులో ఆఫీసు గోడ మీద కాగితం అంటించి ఉండేది. ఆ కాగితాన్ని ఎవరూ చదివేవాళ్లు కాదు. మా యూనిట్‌లో సెలవు ఇచ్చేది ఆఫీసు కాదు, చీఫ్. చీఫ్ అడిగేది ఒకటే మాట: "జోడీ ఏది?" సెలవు కావలసిన పీజీ, తన డ్యూటీ చేసిపెట్టే పీజీని పక్కన నిలబెట్టుకుని గదిలోకి రావాలి. ఆ రెండోవాళ్లు "నేను చూసుకుంటా సార్" అనాలి. అప్పుడే ఆయన కలం కదిలేది. జోడీ దొరకని వాళ్లకు జబ్బు కూడా రాకూడదు. కామెర్లు వచ్చిన ఒక సీనియర్ చేతికి సెలైన్ సూదితోనే రౌండ్స్‌కు రావడం నా కళ్లతో చూశాను.

ఆ పద్ధతి మొదటిసారి విన్నప్పుడు నాయనమ్మ మురిపెం గుర్తుకొచ్చి చెవులు వేడెక్కాయి. అది మా ఇంటి పద్ధతే. ఈసారి మెట్ల కింద నిలబడవలసిన వాణ్ని నేను.

నిలబడకూడదని నిశ్చయించుకున్నాను. చేరినప్పటినుంచి ఒక్క సెలవూ అడగలేదు. అది పని మీద భక్తి అనుకున్నారు కొందరు. భక్తి కాదు, అడగలేకపోవడం. అడగను కాబట్టి ఇంకొకరికి జోడీగా నిలబడవలసిన అవసరమూ లేదనుకున్నాను. సూర్యాపేట దిక్కు నుంచి వచ్చిన ఒకమ్మాయి మా బ్యాచే. ఒకసారి డ్యూటీ గదిలో నా దగ్గరికి వచ్చి, "మా అమ్మమ్మ దినాలున్నయి. ఒక్క పూట చూసుకుంటవా?" అంది. "నేను మార్పిళ్లు చెయ్యను. ఎవరి డ్యూటీ వాళ్లది" అన్నాను. సూత్రం చెప్పినట్టే చెప్పాను. దినాలనాడు ఆమె వార్డులోనే ఉంది. అప్పటినుంచి బ్యాచ్‌లో నాకు 'దొర' అని పేరు పడింది. అది వెక్కిరింత అని తెలిసినా, లోపల ఒక మూల నాకు నచ్చింది.

ఆ సంగతి అక్కడితో పోలేదు. ఒక ఆదివారం బాపు నన్ను వరండాలోకి పిలిచాడు.

"బేస్తవారం ఉప్పల్ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోవాలె. నువ్వు సుత రావాలె."

ఇల్లు బేరంలో ఉందని తెలుసు. ఖాయమైందని తెలియదు. ఇల్లు తాతది కాబట్టి నా సంతకం కూడా ఉండాలన్నాడు కొనేవాడు. ఆ రోజు దాటితే వద్దనుకుంటానన్నాడు. అంతకుముందు ఇద్దరు అట్లాగే వెనక్కి పోయారు.

"సెలవు దొరకదు బాపూ."

"దొరకకపోవుడేంది? డాక్టర్వి గదా. ఒక మాట చెప్పి రా."

ఒక మాట చెప్పి రావడం. ఆయనకు అంతే తెలుసు.

సోమవారం డ్యూటీ గదిలో అందరూ టీ తాగుతున్నారు. లోపలికి వెళ్లి, "బేస్తవారం ఎవరెవరికి డ్యూటీ ఉంది?" అన్నాను. అడగడం చేతగానివాడు అడిగే తీరు అది. వాళ్లకు అర్థమైంది. ఎవరూ చూపు తిప్పుకోలేదు, ఎవరూ సాయం చేయలేదు.

"ఎందుకు దొరా? ఏమన్న పనున్నదా?" అన్నాడొకడు.

"ఊరికే."

గోదావరి వైపు నుంచి వచ్చిన అబ్బాయి గ్లాసు కింద పెట్టాడు. "ఏంటి దొరా, నోరు తెరిచి అడిగితే ముత్యాలు రాలిపోతాయా?"

"దొరలు అడగరన్నా. హుకుం జారీ చేస్తరు" అన్నాడు మొదటివాడు. "జారీ చెయ్యి దొరా, మేం తామీల్ చేస్తం."

అందరూ నవ్వారు. సూర్యాపేట అమ్మాయి మాత్రం నవ్వలేదు, కేస్ షీట్ రాసుకుంటూ ఉంది. ఆ నవ్వులో కోపం లేదు. నేనూ నవ్వి, "నాకు బేస్తవారం సెలవు కావాలి, ఎవరైనా చూసుకోండి" అని ఉంటే ఎవరో ఒకరు లేచేవాళ్లే. నేను నవ్వలేదు. స్టెతస్కోపు తీసుకుని బయటికి వచ్చాను.

మంగళవారం ఒంటరిగానే చీఫ్ గదికి వెళ్లాను.

"ఒక్కనివే వచ్చినవ్. జోడీ ఏది?"

"లేదు సార్."

"ఏం పని? పెండ్లా? చావా?"

"ఇంటి పని సార్."

"ఇంటి పని అందరికుంటది. ఏం పనో చెప్పు."

ఇల్లు అమ్ముతున్నామని చెప్పాలి. ఆ గదిలో నన్ను చీఫ్ కూడా అప్పుడప్పుడు దొరా అని పిలిచేవాడు. ఆ పేరుతో పిలిచే మనిషి ముందు ఆ మాట చెప్పలేకపోయాను. ఆయన ఎదురుగా ఉన్న ఎక్స్‌రే చేతిలోకి తీసుకున్నాడు. ఇంటికి వెళ్లి, దొరకలేదని బాపుతో చెప్పాను.

బుధవారం ఓపీ. చీఫ్ పక్క కుర్చీలో కూర్చుని నేను రాస్తున్నాను. పక్క బల్ల దగ్గర సూర్యాపేట అమ్మాయి రోగులను చూస్తూ ఉంది. సిస్టర్ చీటీలు చూసి పేర్లు పిలుస్తోంది. ఒక పేరు పిలిచింది. వెనుక ఏ గౌరవమూ లేకుండా, చీటీ మీద ఉన్నట్టే. అది మా బాపు పేరు.

తెల్లబట్టల్లో లోపలికి వచ్చాడు. చీఫ్‌ను కలవాలని కౌంటర్‌లో అడిగితే, ఓపీ చీటీ రాయించుకోనిదే ఎవరినీ లోపలికి పంపేది లేదన్నారట. రాయించుకుని, పొద్దుటినుంచి బెంచీ మీద వరుసలో కూర్చున్నాడు. ఒక్కో మనిషి లేచినప్పుడల్లా అందరితోపాటు పక్కకు జరుగుతూ వచ్చాడు.

"కూర్చో పెద్దాయనా. ఏం తక్లీఫ్?"

"తక్లీఫేం లేదు."

"తక్లీఫ్ లేకుంటే దవాఖానకు ఎందుకొచ్చినవ్?" చీఫ్ నవ్వి, నావైపు చూడకుండానే, "బీపీ చూడు" అన్నాడు.

అప్పుడైనా ఈయన మా నాయన అని చెప్పవలసింది. చెప్పకుండా లేచి కఫ్ తీశాను. బాపు నా మొహం చూడకుండా చొక్కా చెయ్యి ఇస్త్రీ నలగకుండా పైకి మడుచుకున్నాడు. ఆ చెయ్యి అంత సన్నబడిందని నాకు తెలియదు. కఫ్ చుట్టి, గాలి కొట్టి, వింటున్నాను. నాకు నమ్మకం కుదరక రెండోసారి చూశాను.

"ఎంత?"

"చాలా ఎక్కువుంది సార్."

ఆలోగా బాపు మొదలుపెట్టాడు. "మాది ఘట్‌కేసర్ దిక్కు. మా తాతగారు దేశ్‌ముఖ్..."

"సరే పెద్దాయనా. షుగర్ గిట్ల ఉన్నదా?"

బాపు ఆగిపోయాడు. ఆ మాటలు ఎక్కడ చెప్పినా ఎదుటివాళ్లు కుర్చీ జరిపి వినేవాళ్లు. ఇక్కడ ఆయన వాక్యం సగంలో తెగింది. ఆయన లేచి నిలబడ్డాడు, చెయ్యికి కఫ్ ఇంకా వేలాడుతూనే ఉంది.

"సారూ, నేను ఈయన తండ్రిని. రేపు మా ఇల్లు అమ్ముతున్నం. కొడుకు సంతకం లేకుంటే కాదంటున్నరు. ఒక్క దినం సుట్టి ఇయ్యుండ్రి."

చెప్పి చేతులు జోడించాడు. మా బాపు మనిషికి చేతులు జోడించడం అంతకుముందు నేను చూడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ రోగులు చూస్తున్నారు. నేను చెప్పలేకపోయిన మాటను ఆయన అంతమంది ముందు చెప్పాడు, నా కోసం.

చీఫ్ కూడా లేచాడు. "కూర్చోండి, కూర్చోండి" అని నావైపు తిరిగాడు. "మీ నాయననా?"

"అవును సార్."

"బీపీ ఎప్పటినుంచి ఉన్నది?"

"తెలియదు సార్."

"ఎన్నడన్న చూసినవా?"

"లేదు సార్."

ఆయన ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. మందులు రాసి, బాపుకు ఎట్లా వేసుకోవాలో తానే చెప్పాడు. తర్వాత కలం పట్టుకుని నన్ను చూశాడు. పద్ధతి పద్ధతే. నా పక్కన ఎవరూ లేరు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. సూర్యాపేట అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. "నేను చూసుకుంటా సార్."

చీఫ్ సంతకం పెట్టాడు.

బయట వరండాలో బాపు అడిగాడు. "ఎవరా పిల్ల?"

"మా బ్యాచే."

"నువ్వు సుత ఆమెకు ఎప్పుడన్న చేసే ఉంటవ్."

నేను మందుల చీటీ మీద రాసింది మళ్లీ చదివి ఆయనకు ఇచ్చాను. ఆయన నన్ను చూసి, దాన్ని జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

ఓపీ అయ్యాక ఆమె దగ్గరికి వెళ్లాను. "నీకెప్పుడు అవసరమైనా నేను చేస్తా" అన్నాను.

"నిన్ను అడగలే."

"ఆ రోజు నేను..."

"ఇడిసిపెట్టు. మీ బాపు చేతులు జోడిస్తే చూడలేకపోయిన, అంతే. నువ్వడిగితే చెయ్యకపోతుంటి."

ఆమె కేస్ షీట్లు ఎత్తుకుని వార్డుకు వెళ్లిపోయింది. అందులో అన్యాయం ఏమీ లేదు. కోర్సు అయ్యేదాకా ఆమె నన్ను ఏదీ అడగలేదు. జోడీలు కావలసినప్పుడు మిగతావాళ్ల దగ్గరికి నేనే వెళ్లి, "ఎవరికైనా సెలవు కావాలా?" అని అడగడం నేర్చుకున్నాను. మొదట్లో నవ్వారు. ఆమె డ్యూటీ మాత్రం నాకు ఎన్నడూ రాలేదు.

బేస్తవారం పొద్దున నేనే బాపు చొక్కా చెయ్యి మడిచి బీపీ చూశాను. కొద్దిగా దిగింది. ఇద్దరం బండి మీద ఉప్పల్ వెళ్లాం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కెమెరా ముందు నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు. గుమాస్తా వేలు పట్టుకుని ముద్ర వేయించబోతే, "నేను వేస్త" అని తానే వేశాడు. తర్వాత నా వంతు వచ్చింది. కొన్నాయన మర్యాదస్తుడు, ఇల్లు పడగొట్టి గోదాము కడతానని ముందే చెప్పాడు.

ఇల్లు, బావి, ఖాళీ స్థలం ఆ మధ్యాహ్నం ఆయన పేరు మీదికి మారాయి. దర్వాజాలు, టేకు దూలాలు ఆ బేరంలో లేవు. వాటిని తర్వాత రామంతాపూర్‌లో ఒక కలప అడితికి విడిగా అమ్మాం.