కుంకుడు రసంలో డాలర్

బెంగుళూరు నుంచి వచ్చిన పొట్లాన్ని దుకాణం మెట్ల మీదనే చించాను. లోపలికి పోయి కూర్చునేంత ఓపిక లేదు. దూది పొరల మధ్య, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో అమెరికా వెండి డాలర్. నూరేళ్లు దాటిన నాణెం. ఒక వైపు కిరీటం పెట్టుకున్న దొరసాని ముఖం, ఇంకో వైపు రెక్కలు చాపిన గద్ద, అంచు చుట్టూ నెమలి మెడలో ఉండే రంగులన్నీ. ఫోనులో చూసినప్పుడే గుండె దడదడలాడింది. చేతిలోకి వచ్చాక ఆ దడకు భయం కూడా తోడైంది. నచ్చకపోతే ఏడు రోజుల్లోపల తిరిగి పంపవచ్చునని అమ్మినవాడు రాశాడు. ఆ గడువులో నేను కుదురుగా ఒకచోట కూర్చున్నది లేదు.

నా బాధ ఒక్కటే. ఆ రంగులు కాలం పట్టించినవా, ఎవడో కూర్చుని పట్టించినవా?

మాది అనంతపురం పాతూరులో వెండి దుకాణం, తాత పెట్టింది. నాయన ఇప్పటికీ పొద్దున్నే వచ్చి గద్దె మీద కూర్చుంటాడు. పల్లెల నుంచి వచ్చిన కాలి కడియమో మొలతాడో చేతిలోకి తీసుకోగానే అందులో కల్తీ ఎంతో చెప్పేస్తాడు. నేను చెప్పలేను. ముప్పై ఏళ్లుగా ఆయన పక్కనే కూర్చుంటున్నాను, 'బాగ చూసినావు' అనే మాట ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. "నీ చేతికి వెండి తెలీదప్పా" అనడం మాత్రం లెక్కలేనన్ని సార్లు విన్నాను. అందుకే కాబోలు, ఆయనకు తెలియని వెండిని వెతుక్కుంటూ ఫోనులోకి పోయాను. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో తలలు వంచుకుని వజ్రపు రాళ్ల కోసం తిరిగేవాళ్లను చూసి నవ్వేవాణ్ని. ఇప్పుడు పన్నెండు నెలలూ నా తల వంచుకునే ఉంటుంది.

డాలర్ గ్రేడ్, అంటే ఎంత అరగకుండా ఉందో చూడటం నిదానస్తుల పని, నాకేమో ఆ నిదానం పుట్టుకతోనే లేదు. ముందు దొరసాని చెవి మీది జుట్టు చూడాలి, తర్వాత చెంప, తర్వాత గద్ద రొమ్ము మీది ఈకలు. నాణెంలో ఎత్తుగా ఉండేవి అవే, అరిగితే మొదట అరిగేవీ అవే. అచ్చు సరిగ్గా పడక ఈకలు చదునుగా ఉంటే అది అరుగుదల కాదు. తేడా మెరుపులో తెలుస్తుంది. ఎండలో నాణేన్ని మెల్లగా వంచితే వెలుగు బండి చక్రం ఆకుల మాదిరి దాని మీద గిర్రున తిరగాలి. ఎత్తు మీదికి రాగానే ఆ తిరుగుడు ఆగిపోతే, ఎన్నో చేతులు మారిందన్నమాట. ఎండకు మా ఊళ్లో కరువు లేదు కాబట్టి ఈ పరీక్ష వరకు నాకు ఇబ్బంది లేదు. ఈ డాలర్ మీద చక్రం ఎక్కడా ఆగకుండా తిరిగింది.

రంగు దగ్గరే వచ్చింది చిక్కంతా. వెండి మీద ఏళ్ల తరబడి తనంతట తాను కమ్ముకునే రంగును సేకరించేవాళ్లు టోనింగ్ అంటారు, దానికోసం పడిచస్తారు. ఆ రంగు ఒక వరుసలో వస్తుంది. ముందు లేత పసుపు, తర్వాత బంగారు ఛాయ, ఆ తర్వాత ఊదా, నీలం, చివరికి ఆకుపచ్చ. వరుస తప్పితే అనుమానించాలి. మొదటి రోజు చూస్తే వరుస ఉన్నట్టే ఉంది. రెండో రోజు నీలం కన్నా ముందు రావాల్సిన పసుపు ఉందో లేదో తేలలేదు. మూడో రోజు లేదని కచ్చితంగా తెలిసింది. నాలుగో రోజు పొద్దున ఎండ వాలు వేరుగా ఉందని నాకు నేనే చెప్పుకుని, మధ్యాహ్నం మళ్లీ చూశాను. భూతద్దం ఒక కంటికి, డాలర్ ఇంకో చేతిలో, కాళ్లు మెట్ల మీద అటూ ఇటూ. అన్నం తీసుకొచ్చిన నా భార్య కాసేపు నిలబడి చూసి, "ఆ దొరసానిని చూసినట్ల నన్నెప్పుడన్నా చూసినారా?" అంది. డబ్బీ మూత పెట్టేశాను.

నా ఆత్రానికి కారణం ఇంట్లో ఎవరికీ తెలియదనుకునేవాణ్ని. పదకొండేళ్ల కింద నేను కొన్న మొదటి డాలర్ కూడా అచ్చం ఇట్లాంటిదే. అంచు చుట్టూ పసుపు, ఊదా, నీలం. అప్పటికి నాకు టోనింగ్ అనే మాటే తెలియదు. తెలిసిందల్లా దుకాణం పద్ధతి. వెండి నల్లబడితే తోమాలి, తోమని వెండి దేవుని ముందర పెట్టకూడదు, బేరానికి వచ్చినవాడి ముందర అసలే పెట్టకూడదు. దుకాణం వెనకాల కూర్చుని, కుంకుడు రసంలో నానబెట్టి, వెండి గిన్నెలు తోమే కుంచెతో గంటసేపు తోమాను. పాల మాదిరి తెల్లగా వచ్చింది. గర్వంగా ఫొటో తీసి, ఫోనులో నాణేలు సేకరించేవాళ్ల గుంపులో పెట్టాను. నిమిషంలో జవాబులు మొదలైనాయి. దాన్ని చంపేశావన్నాడొకడు. నూరేళ్ల పని గంటలో కడిగేశావన్నాడు ఇంకొకడు. భూతద్దం పెట్టి చూస్తే ఒళ్లంతా వెంట్రుకల్లాంటి గీతలు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. నలభై దాటిన మగవాణ్ని, వెండి దుకాణంలో పుట్టినవాణ్ని, వెండి పాడు చేసి ఏడ్చాను.

అంతటితో ఊరుకున్నానా? ఉడికిన గుడ్డు పక్కన పెడితే దానిలోని గంధకానికి రంగు తిరిగొస్తుందని ఎక్కడో చదివాను. మా ఇంట్లో గుడ్డు పేరెత్తితేనే గిన్నెలు మళ్లీ కడుగుతారు. బస్టాండు దగ్గర బండి మీద ఒక గుడ్డు కొని, రెండు ముక్కలు చేసి, డాలర్‌తో సహా టిఫిన్ డబ్బాలో మూసి, స్కూటర్ డిక్కీలో దాచాను. ఎండాకాలం. బుక్కరాయసముద్రం పోయినా, బ్యాంకుకు పోయినా ఆ గుడ్డు నా కిందనే ఉండేది. రెండు రోజుల తర్వాత తెరిస్తే రంగు వచ్చింది, కాదనను. కానీ తెలుపు మీద ఒక్కసారిగా నీలం దూకింది, దాని పక్కన ఆకుపచ్చ మరకలు. పసుపు లేదు, బంగారు ఛాయ లేదు. డాలర్‌ను కాగితంలో చుట్టి ఇనప్పెట్టె అడుగున పడేశాను. డబ్బాను ఊరి బయట పారేశాను.

మూడో రోజు కొత్త డాలర్‌లో నేను చూసింది అదే నీలం. చూసినవెంటనే గుర్తుపట్టాను. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇది నిజమైనదైతే నేను చంపినదాన్ని మళ్లీ తెచ్చుకున్నట్టే అనిపించింది. ఆ ఒక్క ఆశతో ఇంకో మూడు రోజులు ఎండలో నిలబడ్డాను.

ఆరో రోజు నాయన గద్దె మీద నుంచే చెయ్యి చాపాడు. "ఏమప్పా, ఆరు దినాలాయ ఎండలో నిలబడి. ఇటియ్యి, చూస్తా."

ఇచ్చాను. ఆయన డబ్బీ మూత తీసి, బొటనవేలు సరిగ్గా దొరసాని చెంప మీద పెట్టాడు. "అంచు పట్టుకో నాయనా!" అని అరిచాను. ఆయన పట్టించుకోలేదు. అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని గాలి పీల్చాడు.

"గంధకం మందు. మనం గజ్జెలకు నల్ల మెరుగు పెట్టల్లంటే ఏం చేస్తాము? అదే పని ఎవుడో దీనికి చేసినాడు. కోడిగుడ్డుతో చేసింది గాదు లే, ఆ వాసన వేరే."

"గుడ్డు సంగతి నీకెట్ల తెలుసు?"

"డిక్కీ మూడు నెలలు కంపు కొట్టె. తెలీకుండా యాడికి పోతాది? మీయమ్మకు మాత్రం ఎలుక సచ్చిందని చెప్తిని."

ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. డాలర్‌ను మళ్లీ దూదిలో పెట్టి, అట్టపెట్టె మూసి, టేపు అతికించాను. మధ్యాహ్నం కొరియరతను వచ్చి తీసుకుపోయాడు. అతను సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆరు రోజుల ఆత్రం అంతా ఒక్కసారిగా పోయి, చేతులకు ఏం పని చెప్పాలో తెలియలేదు.

"ఆ మొదటిది యాడుండాది?" అన్నాడు నాయన.

"ఏది?"

"నువ్వు తోమిందప్పా. ఎనకాల కూచోని తోముతాంటే గోడ అద్దంలో చూస్తానే ఉంటి. గంటసేపు తల ఎత్తలేదు నువ్వు. ఒక్క గీత పడనీకుండా పాల మాదిరి తెచ్చినావు. మా నాయన చేతిపని వీనికి వచ్చిందిరా అనుకొంటి. నీకు చెప్తే దిష్టి తగులుతాదని చెప్పలేదు."

ముప్పై ఏళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. నా బతుకులో నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పుకు వచ్చింది. ఆ గీతల సంగతి చెబుదామని నోరు తెరిచాను. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న ఆ కళ్లు నా వైపు చూస్తున్నాయి. చెప్పలేకపోయాను.

ఇనప్పెట్టె అడుగు నుంచి కాగితం పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టాను. నీలం, ఆకుపచ్చ మరకలు చూసి నాలుక చప్పరించాడు. "నల్లబడిపాయనే. కుంకుడుకాయలు నానేస్తా ఉండు. నువ్వు తోము, నేను చూస్తా."

ఒకసారి కడిగిన నాణేన్ని మళ్లీ ముట్టుకోకూడదని నాకు తెలిసిన వాళ్లందరూ చెబుతారు. నేను చొక్కా చేతులు పైకి మడుచుకుని కుంచె తీసుకున్నాను. నాయన గద్దె దిగి, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.