ముందు పెనుకొండలో దిగు

పోయిన మంగళవారం ఉదయం పెద్దమ్మ ఫోన్ చేసింది. నేను బెంగళూరు ఆఫీసులో ఉన్నాను, నెలకొకసారి వెళ్ళి మొహం చూపించి రావాలి. "పాపా, మీ పెద్దనాయన ఇంగ లేడు. కాఫీ తాగినాడు, పేపరు యాడుండాదని అడిగినాడు. నేను తెచ్చేలోపల అయిపోయింది," అంది. ఆమె గొంతు స్థిరంగానే ఉంది. దొరికిన రైలెక్కి హిందూపురం చేరేసరికి ఆయన్ను ఇంటిముందు పడుకోబెట్టి ఉన్నారు. చొక్కా జేబులో పెన్ను అట్లాగే ఉంది, ఎవరూ తీయలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఒకే గోడకు ఆ పక్కన వాళ్ళు, ఈ పక్కన మేము. పిలుపులో మాత్రం పెద్దనాయన, పెద్దమ్మ. టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. స్తంభాల మీద తీగలు నడిచిన కాలం ఆయనది. ఇంట్లో ఫోన్ ఎత్తితే హలో అనేవాడు కాదు, "హిందూపురం" అనేవాడు. వీధిలో నడిచేటప్పుడు నేలను చూడడు, పైకి చూస్తాడు. ఆ అలవాటుతో రెండుసార్లు మురుగుకాలవలో కాలు పెట్టాడు. రెండోసారి మడమ బెణికి అరుగుమీద కూర్చుని, వీధి మూలన ఉన్న కేబుల్ టీవీ తీగ వదులుగా ఉందని మాకు చెప్పాడు.

ఆయన నాకేం చేశాడో తెలియాలంటే నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. పెళ్ళికి ముందు నేను ప్రోగ్రామర్‌ని. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేశాను. మళ్ళీ చేస్తానంటే ఎనిమిదేళ్ళ ఖాళీ చూసి అందరూ మర్యాదగా తలుపు వేశారు. చివరికి పోయిన ఏడాది బెంగళూరులో ఒక చిన్న కంపెనీ ఒప్పుకుంది. ఇంటి నుంచే పని, మూడు నెలలు పరీక్ష, నచ్చితే ఉంచుకుంటారు. నలభైకి దగ్గర పడుతున్నాను. ఇది పోతే ఇంకొకటి వస్తుందన్న నమ్మకం నాకు ఏ కోశానా లేదు.

రెండో నెలలో నా కోడ్ ఎడిటర్ మొండికేసింది. ప్రోగ్రాం రాసుకునేది అందులోనే, అది లేకపోతే నాకు పలకా బలపం లేనట్టే. టైప్ చేస్తుంటే అక్షరం తెరమీదికి వచ్చేది కాదు. కాసేపటికి తెరంతా పాలిపోయి, ఆ పైన దానంతటదే మూసుకుపోయేది. మళ్ళీ తెరిస్తే పావుగంట బుద్ధిగా ఉండి మళ్ళీ అదే వరస. నాకసలే ఓపిక తక్కువ. ఎడిటర్‌ని పూర్తిగా తీసేసి మళ్ళీ పెట్టాను, మూడుసార్లు. ఇంటర్నెట్‌లో ఎవరేం చెబితే అది, అయిదారు సెట్టింగులు ఒకేసారి మార్చేశాను. ఆ కంగారులో సేవ్ చేయని రెండు రోజుల పని మట్టికొట్టుకుపోయింది.

మేనేజర్ అడిగాడు, పని ఎందుకు అందలేదని. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, మీరు పంపిన లాప్‌టాపే బాగాలేదని రాసిపారేశాను. ఆ లాప్‌టాప్‌ని సిద్ధం చేసి పంపిన ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. ఆయన్ను సంజాయిషీ అడిగామని జవాబు వచ్చింది. శుక్రవారం లోపల పని చూపించకపోతే నా సంగతి కూడా ఆలోచించాల్సి వస్తుందని అదే జవాబులో ఉంది. అది సోమవారం.

నేను బల్ల మీద గుద్దిన చప్పుడు గోడకు ఆవల వినిపించినట్టుంది. పెద్దనాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం పాపా, ఎవరిని కొడతాండావు?"

చెప్పాను. ఆయనకు ఏమర్థమవుతుందిలే అనుకుంటూనే చెప్పాను. అంతా విని ఒకే మాట అడిగాడు. "ముందు బాగుండింది కదా. బాగున్నంక ఏమేం ముట్టుకున్యావు?"

ఏం ముట్టుకున్నానో నాకే గుర్తు లేదు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసింది. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

హిందూపురం నుంచి ధర్మవరానికి లైను చచ్చిపోతే ఆ రోజుల్లో ఏం చేసేవారో చెప్పాడు. కొత్తవాళ్ళు హిందూపురంలో మొదటి స్తంభం నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయేవాళ్ళట. ఈయన మాత్రం నేరుగా పోయి పెనుకొండలో దిగేవాడు. అది సగం దారి. అక్కడ స్తంభమెక్కి రెండు పక్కలా పరీక్ష చేస్తే, హిందూపురం పక్క బాగుంటే తప్పు ధర్మవరం పక్క ఉన్నట్టు. ఒక్క పరీక్షతో సగం స్తంభాలు ఎక్కే పని తప్పుతుంది. మిగిలిన సగంలో మళ్ళీ సగానికి పోవడం, అంతే.

"నువ్వూ ముందు పెనుకొండలో దిగు. ఒగటే మార్చు, ఏమైందో రాయి, ఆమైన ఇంగొకటి. అన్నీ ఒకేసారి పీకితే, బాగైనా ఎందుకు బాగైందో తెలీదు," అన్నాడు. వాళ్ళింటికి పోయి ఒక పాత నోటుపుస్తకం తెచ్చాడు. నేను మార్చడం, ఆయన రాయడం. జేబులో పెన్నుకు చాలా ఏళ్ళ తర్వాత పని దొరికింది.

ఎడిటర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లు ఉంటాయి, ఎక్స్‌టెన్షన్లంటారు. సాధారణంగా తిప్పలు పెట్టేది అవే. నావి ఇరవై దాకా ఉన్నాయి. సగం ఆపాం. పావుగంటకు బిగుసుకుపోయింది. వాటిని నడిపించి, మిగతా సగం ఆపాం. అయినా బిగుసుకుపోయింది. అన్నీ ఆపినా అదే పని. మంగళవారం సాయంత్రానికి మా పుస్తకంలో రెండు పేజీలు నిండాయి, ఎడిటర్ మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. ఇక కాదు పెద్దనాయనా, నా వల్ల కాదని రాసేస్తాను అన్నాను. నిజంగానే ఏడుపు వచ్చింది.

ఆయన సంతోషంగా ఉన్నాడు. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఏమిటికి ఏడుస్తావు? వాటిలో తప్పు లేదని తెలిసె కదా. ఇంగ ఆ పక్కకు పోయే పనే లేదు మనకు."

"మరి ఏ పక్కకు పోవాలి?"

"రెండు పక్కలా బాగుండి మాట మాత్రం ఆవలికి పోకుంటే, నువ్వెక్కిన స్తంభమే చూసుకోవల్ల. నీ పని పక్కన పెట్టి, ఉత్తదాన్ని తెరిచి చూడు."

బుధవారం ఉదయం ఒక ఖాళీ ఫోల్డర్ తెరిచాను. గంటైనా ఎడిటర్ ఆగలేదు. రెండు గంటలైనా ఆగలేదు. అంటే లాప్‌టాప్ బాగానే ఉంది, ఎడిటర్ కూడా బాగానే ఉంది. తప్పు నా ఫోల్డర్లోనే ఉంది. అందులో సగం ఫైళ్ళు కాపీ చేసి చూశాం, బాగుంది. మిగతా సగం చూశాం, బిగుసుకుంది. ఆ సగంలో మళ్ళీ సగం. పెద్దమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. ఆయన వస్తాండా, వస్తాండా అంటూ కదల్లేదు. ఎండ నడినెత్తి దాటేవేళకు మా చేతిలో ఒకే ఒక్క ఫైలు మిగిలింది.

చూడగానే గుర్తుపట్టాను. నెల కిందట ప్రోగ్రాంలో ఒక చిక్కు వస్తే, అది వేసే ప్రతి అడుగునూ ఒక ఫైల్లో రాసిపెట్టమని నేనే ఒక లైను చేర్చాను. పరీక్ష కోసం పెట్టింది. చిక్కు తీరింది, లైను తీసేయడం మర్చిపోయాను. ఆ రోజు నుంచి ఆ ఫైలు రాత్రీ పగలూ పెరుగుతూ కొండంత అయింది. ఎడిటర్ తెరిచిన ఫోల్డర్లోని ఫైళ్ళన్నీ చదువుకుంటుంది, ఏది మారినా మళ్ళీ చదువుకుంటుంది. ఆ కొండను మింగలేక ఊపిరాడక చస్తోంది. లాప్‌టాప్ పంపినాయన చేసిన తప్పేమీ లేదు.

ఇదంతా పెద్దనాయనకు విడమర్చి చెప్పాను. పరీక్షకని నేను పెట్టిందే, తీయడం మర్చిపోయాను అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను, తప్పు దొరికింది కదా. ఆయన పెన్నుకు మూత పెట్టి పుస్తకం మూశాడు.

"నేనూ అట్లే చేసినా పాపా," అన్నాడు.

పెళ్ళయిన కొత్తలో సంగతట అది. లైను చచ్చిపోతే పెనుకొండలో స్తంభమెక్కి, పరీక్ష కోసం రెండు తీగలనూ ఒక చిన్న తీగముక్కతో కలిపాడు. అసలు తప్పు ఎక్కడో దొరికింది, బాగుచేశారు. ఈ ముక్క మాత్రం స్తంభం మీదే ఉండిపోయింది. అది ఉన్నంతసేపూ మాట పెనుకొండ దాటి పోదు, అయినా హిందూపురం నుంచి చూస్తే పెనుకొండ దాకా బాగున్నట్టే కనపడుతుంది. దాంతో తప్పు ధర్మవరం పక్క ఉందని అందరూ తేల్చేశారు. ధర్మవరం లైన్‌మన్ రెండు రోజులు తిండి లేకుండా తన స్తంభాలన్నీ ఎక్కి దిగాడు. మూడో రోజు పెద్దనాయన అనుమానం వచ్చి ఎక్కి చూస్తే తన తీగముక్కే. తీసి జేబులో వేసుకున్నాడు. ధర్మవరం పక్క చెట్టుకొమ్మ తగులుతోందని రిజిస్టర్‌లో రాశాడు. ధర్మవరం ఆయనకు నిర్లక్ష్యమని మెమో ఇచ్చారు. అందరి ముందూ నిలబెట్టి తిట్టారు.

"ఎవరికీ చెప్పల్యా. మీ పెద్దమ్మకు గూడా చెప్పల్యా. కొత్త పని, పోతాదని బయం," అన్నాడు. పుస్తకం నా వైపు తోసి, "నువ్వు రాసెయ్ పాపా. తప్పు నాదేనని రాసెయ్," అన్నాడు.

"పరీక్షలో ఉన్నాను పెద్దనాయనా. ఇప్పుడు ఈ మాట రాస్తే ఉద్యోగం పోతుందేమో."

"పోతే పోనీ. నాది పోలేదు, చూడు. ఇన్నాళ్ళూ మోస్తానే ఉండా."

మేనేజర్‌కు రాశాను. ఫైలు సంగతి, నేను మర్చిపోయిన లైను సంగతి, లాప్‌టాప్‌లో ఏ దోషమూ లేదని, అది పంపినాయనకు నా తరఫున క్షమాపణ చెప్పమని. పెద్దనాయన నా చేత అది రెండుసార్లు పైకి చదివించుకున్నాడు. ఒకచోట 'బహుశా' అని పెట్టాను, అది తీసెయ్ అన్నాడు. తీసేశాను. సాయంత్రం మేనేజరే ఫోన్ చేశాడు. లాప్‌టాప్ పంపినాయనకు మీరే ఫోన్ చేసి చెప్పండి, శుక్రవారానికి పని ఇవ్వండి అన్నాడు, అంతే. ఆయనకు ఫోన్ చేశాను. శుక్రవారానికి పని ఇచ్చాను. మూడో నెల అయ్యాక ఉంచుకున్నారు.

నేను పని ఇచ్చిన మర్నాడే, శనివారం ఉదయం పెద్దనాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. ధర్మవరం ఆయన ఇంకా ఉన్నాడట, ఎవరెవరినో అడిగి ఇల్లు కనుక్కున్నాడు. గుండె బాగాలేదు, ఆయాసం వస్తుంది, ఫోన్లో చెబితే చాలదా అని పెద్దమ్మ గొడవ పెట్టుకుంది. "మొగం చూసి చెప్పల్ల," అన్నాడు. తోడుగా నేను వెళ్ళాను. రైలు పెనుకొండలో ఆగినప్పుడు ఆయన కిటికీ వైపు తిరగలేదు.

ధర్మవరంలో అది పట్టుచీరలు నేసేవాళ్ళ వీధి. ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడుతోంది. ఆ లైన్‌మన్ తన ఇంటి అరుగుమీద కూర్చుని ఉన్నాడు, పెద్దనాయన కంటే పెద్దవాడు. గొంతు విని గుర్తుపట్టి నవ్వాడు. పెద్దనాయన నవ్వలేదు, కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. తీగముక్క, జేబు, రిజిస్టర్, చెట్టుకొమ్మ. ఏదీ మెత్తగా చేయలేదు. ఎదుటాయన మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

అప్పుడు ధర్మవరం ఆయన అన్నాడు. "మా మామ ఇంటికొచ్చి, చేతకాని పని ఏమిటికి చేస్తాండావన్యాడు. మా ఇంటామె ఆడే నిలబడి విన్యాది." ఇంటి లోపలి వైపు తిరిగాడు. "ఆమెను పిలుస్తా. ఆమె ముందర చెప్పు."

ఆమె లోపలి నుంచి వచ్చింది. పెద్దనాయన మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు. ఆమెకు చెవుడు. ఏమంటాండాడని మొగుణ్ణి అడిగింది. ఆయన చెప్పలేదు. "ఇంగా గట్టిగ చెప్పు," అని మాత్రం పెద్దనాయనతో అన్నాడు.

పెద్దనాయన ఆయాసపడుతున్నాడు. నేను చేయి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. అరుగు స్తంభానికి చేయి ఆనించి, ఆ రోజుల్లో తీగల స్తంభం మీదనుంచి కింద ఉన్నవాళ్ళకు వినపడేటట్టు అరిచిన గొంతుతో మూడోసారి చెప్పాడు. "తప్పు నాదమ్మా. తీగ మర్చిపోయింది నేను. అబద్ధం రాసింది నేను. ఈయప్ప ఏ తప్పూ చేయలేదు." పక్కింట్లో మగ్గం ఆగింది. ఎదురింట్లోదీ ఆగింది. గుమ్మాల్లోకి మనుషులు వచ్చారు. ఆయన వాళ్ళను చూసి గొంతు తగ్గించలేదు.

పెద్దనాయనను తలుచుకుంటే నాకు కనపడేది ఆ మనిషే. చెమట పట్టిన ఇస్త్రీ చొక్కాతో, చప్పుడు ఆగిపోయిన వీధిలో, చెప్పవలసింది చెప్పేసి ఇంకా నిలబడే ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు, మొగుడి వైపు చూసింది. ఆ ముసలాయన కళ్ళు తుడుచుకుని, కొంచెం పక్కకు జరిగి, తన భుజం మీద తువ్వాలు తీసి అరుగుమీద దుమ్ము దులిపాడు.