నాయ్‌గావ్ వైపు తిరిగిన యాంటెన్నా

ఆ గురువారం సుందరాబాయి రాత్రి తిండికి కాల్చాల్సిన జొన్నరొట్టెలు మధ్యాహ్నం మూడింటికే మొదలుపెట్టింది. మిల్లులో పనిచేసే ఒంటరి మగవాళ్ళు పదిహేను మందికి రెండు పూటలా ఆమె ఇంట్లోనే భోజనం. రొట్టె పెనం మీది నుంచి పళ్ళెంలోకి రావాలని, చల్లారితే చెప్పుకు అడుగు వేయడానికి తప్ప పనికిరాదని చెప్పే మనిషి ఆమె. ఆ రోజు మాత్రం రొట్టెలన్నీ కాల్చి, బట్టలో చుట్టి, గంపలో పెట్టి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించింది. ఆరున్నరకు పక్కింట్లో టీవీ చూడాలి.

మొగుడు నాగనాథ్ షిఫ్టు దిగి వచ్చి గంప చూశాడు. ఎందుకో అతనికి తెలుసు. ఆ వీధిలో అందరికీ తెలుసు.

నాందేడ్‌లో మిల్లు వెనక ఉండే ఆ వీధి నిండా తెలుగువాళ్ళే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. టీవీ ఉన్నది రామచందర్ ఇంట్లోనే. మిల్లు ఆఫీసులో హాజరు రాసే ఉద్యోగం అతనిది. ఊళ్ళో టీవీ టవర్ వచ్చాక ఢిల్లీ నుంచి హిందీ కార్యక్రమాలు కనబడసాగాయి. వీధంతా వచ్చి కూర్చుని చూసేది. రామచందర్ తల్లి ముత్తెమ్మకు మాత్రం అసంతృప్తి. ఆ టీవీలో వాళ్ళు ఏడిస్తే తనకూ ఏడుపొస్తుందని, ఎందుకు ఏడ్చారో మర్నాడు కోడల్ని అడిగి తెలుసుకోవలసి వస్తున్నదని ఆమె ఫిర్యాదు.

ధర్మాబాద్‌లో ఎవరో ఇంటి మీద పొడుగాటి స్తంభం నిలబెట్టి హైదరాబాద్ నుంచి వచ్చే తెలుగు బొమ్మను పట్టారని ఆ ఎండాకాలం కబురు వచ్చింది. రామచందర్‌కు పట్టుదల వచ్చింది. ఎండిపోయిన బోరులోంచి తీసిన పైపులు ఒకదాని మీద ఒకటి బిగించాడు. దాని మీద వెదురు, వెదురు మీద చేపముల్లు లాంటి యాంటెన్నా, కింద ఒక బూస్టర్. నాలుగు దిక్కులా తీగలు లాగి కట్టాడు. యాంటెన్నాను తూర్పుకు తిప్పాడు.

తూర్పుకే ఎందుకని ఎవరూ అడగలేదు. హైదరాబాద్ పోయే బండి నాందేడ్ స్టేషన్ నుంచి తూర్పుకే కదులుతుంది. ముద్‌ఖేడ్, ఉమ్రి, ధర్మాబాద్, అలా పోతుంది. చుట్టాలను బండెక్కించి అందరూ చేతులూపేది అటువైపే. పెళ్ళి సంబంధాలు వచ్చేది, చావు కబుర్లు వచ్చేది అటునుంచే. అందుకని హైదరాబాద్ తూర్పున ఉందన్నది ఆ వీధిలో పుట్టిన ప్రతివాడికీ ఊహ తెలిసినప్పటి నుంచీ తెలిసిన సంగతి.

నెల గడిచినా తెర మీద చీమల్లాంటి చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. ఒకరోజు చీమల వెనక మనిషి మెడ లాంటిది ఊగింది. వీధంతా పండగ చేసుకుంది. మర్నాడు అదీ పోయింది.

సుందరాబాయి ఈ గొడవలోకి దిగింది ఆ వారమే. బోధన్ దగ్గరి ఊరి నుంచి దేవన్న వచ్చాడు. ఎడ్ల బేరగాడు. నాందేడ్ సంతకు వచ్చినప్పుడల్లా సుందరాబాయి ఇంట్లో తిని పోతాడు. ఆ బోధన్ దగ్గరి ఊరే ఆమె పుట్టిన ఊరు. దేవన్న ఆ రోజు ఆమె వినేలాగా, కానీ నాగనాథ్ ముఖం చూస్తూ చెప్పాడు. హైదరాబాద్ నుంచి టీవీ వాళ్ళు జీపులో వచ్చారట. కాలువ కింది మడిలో కొత్తరకం వరి నాటుతుంటే బొమ్మ తీశారట. అది జనాబాయి నాట్ల గుంపట. వచ్చే గురువారం ఆరున్నరకు వ్యవసాయ కార్యక్రమంలో వేస్తారట.

జనాబాయి సుందరాబాయికి సొంత చెల్లెలు. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. నాయ్‌గావ్ మాట కూడా ఎత్తలేదు. ఎందుకంటే పుట్టింటికి పోయే బస్సు నాయ్‌గావ్ మీదుగా పోతుంది.

జరిగింది బయటివాళ్ళకు చిన్న సంగతిలాగే ఉంటుంది. వరినాట్లలో ఆడవాళ్ళు వరసగా వంగి, ఎవరి వెడల్పు వాళ్ళు నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. ఒక మనిషి మెల్లగా నాటితే అటుపక్కా ఇటుపక్కా వాళ్ళు ఆమెను దాటి వెనక్కి పోతారు. కొంటెతనం ఎక్కువైతే ఇద్దరూ కలిసి ఆమె వెనక కూడా నాటేస్తారు. అప్పుడు ముందూ వెనకా పక్కలా పచ్చటి నారు, మధ్యలో కాస్త ఉత్త బురద, ఆ బురదలో ఆమె. దాన్ని గూట్లో పెట్టడం అంటారు. కొత్త కోడళ్ళను పెడతారు, మరదళ్ళను పెడతారు. కాసేపు నవ్వుకున్నాక, పెట్టిన మనిషే చెయ్యిచ్చి బయటికి తీసి, ఆ మిగిలిన బురద ఆమెతో కలిసి నాటాలి. అది రివాజు.

సుందరాబాయి పదహారో ఏట జొన్న, పత్తి పండే దేశానికి వచ్చింది. నాందేడ్‌లో వరి మడి లేదు. ఏడాదికోసారి పుట్టింటికి పోయి, సరదాకి మడిలో దిగేది. నాలుగేళ్ళ కిందట అలా దిగిన రోజు జనాబాయి ఆమెను గూట్లో పెట్టింది. సొంత అక్కను, అదీ చుట్టంగా వచ్చిన మనిషిని. పెట్టి, జొన్న రొట్టెలు తట్టే చేతులకు నారు ఏమి తెలుస్తుందని అంది. గుంపంతా నవ్వింది. సుందరాబాయి చెయ్యి చాపి నిలబడింది. చెల్లెలు నవ్వుతూనే ఉంది, చెయ్యివ్వలేదు. సుందరాబాయి నాటిన నారును తొక్కుకుంటూ గట్టెక్కి, కాళ్ళ బురద కడుక్కోకుండా బస్సెక్కింది. ఆ గడప మళ్ళీ తొక్కనని ఒట్టు పెట్టుకుంది.

గడప తొక్కకుండా చెల్లెలి ముఖం చూసే దారి ఇప్పుడొకటి దొరికింది. మంగళవారం, బుధవారం సాయంత్రాలు ఆమె రామచందర్ ఇంటి ముందుకు వచ్చి, ఎవరూ పిలవకుండానే తీగ పట్టుకుని నిలబడింది. యాంటెన్నా తూర్పుకే ఉంది. తెర మీద చీమలే ఉన్నాయి.

గురువారం మబ్బు పట్టింది. ఆరు దాటింది. రామచందర్ పైకప్పు మీద స్తంభాన్ని వేలెడు అటు, వేలెడు ఇటు జరుపుతున్నాడు. నాగనాథ్ కిటికీలోంచి అరుస్తున్నాడు, లేదు, లేదు, ఇంకా లేదు అని. లోపల చాప మీద ముత్తెమ్మ, మిల్లు మనుషులు, వీధిలోని ఆడవాళ్ళు. రామచందర్ భార్య వత్సల గడియారం చూసి, ఇక పావుగంటే ఉందంది.

సుందరాబాయి తీగ వదిలేసి వీధిలోకి వచ్చి పైకి చూసింది.

"తమ్మీ, అటు గాదు. నాయ్‌గావ్ దిక్కు తిప్పు."

కిటికీలో నాగనాథ్ అరుపు ఆగిపోయింది. ఆ పేరు ఆమె నోట వచ్చి నాలుగేళ్ళయింది.

"హైద్రాబాద్ బండి నాయ్‌గావ్ దిక్కు పోదక్కా," అన్నాడు రామచందర్ పైనుంచి. "ముద్‌ఖేడ్ దిక్కు పోతది."

"బండి పట్టాల మీద పోతది. పట్టాలు యాడ తిరిగితే ఆడ తిరుగుతది. నీ బొమ్మకు పట్టాలున్నయా?"

"లేవు గన్కనే నెలసంది దారి తప్పింది," అంది లోపలి నుంచి ముత్తెమ్మ.

రామచందర్‌కు కోపం వచ్చింది. కానీ చేతిలో వేరే ఉపాయం లేదు. సుందరాబాయి కింద నిలబడి చెప్పింది. బండి ముద్‌ఖేడ్ పోయి, కిందికి తిరిగి, నిజామాబాద్ మీద పోతుంది, అందుకే అంతసేపు. బస్సు నాయ్‌గావ్ మీద తన ఊరికి తిన్నగా పోతుంది, హైదరాబాద్ పట్నం తిన్నగా ఆ దారికి ఆవలనే ఉంది. చిన్నప్పుడు తన తండ్రి పొద్దున్నే గట్టు మీద నిలబడి, ఒక చెయ్యి పట్నం దిక్కు, ఇంకో చెయ్యి నాందేడు దిక్కు చాపి చూపేవాడట. రెండు చేతులూ ఒకే కట్టెలాగా ఉండేవట. రామచందర్ బోల్టు వదులు చేశాడు. నలుగురు తీగలు పట్టారు. యాంటెన్నా తూర్పు వదిలి, మిల్లు పొగగొట్టం దాటి, నాయ్‌గావ్ బస్సులు పోయే దారి మీదికి తిరిగింది.

సుందరాబాయి లోపలికి వచ్చేసరికి తెర మీద చీమలు పలచబడ్డాయి. మనిషి ముఖం వచ్చింది, పోయింది, వచ్చి నిలబడింది. ఒకాయన కాగితం చూసి తెలుగులో మాట్లాడుతున్నాడు.

ఎవరూ కదలలేదు. కదిలితే పోతుందేమోనని భయం. కాసేపు విని ముత్తెమ్మ కోడల్ని అడిగింది.

"ఏంది గిది? తెలుగేనా?"

"తెలుగే అత్తా. పట్నం తెలుగు."

"మరి మనది?"

"మనది గూడ తెలుగే."

"ఐతే వానికి జర మెల్లగ చెప్పుమను. మనమిప్పుడే అచ్చినం."

అప్పుడే మడి కనబడింది. టోపీ పెట్టుకున్న అధికారి గట్టు మీద నిలబడి మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం ఉండాలో, యూరియా ఎప్పుడు వేయాలో చెబుతున్నాడు. ఆయన వెనక బురదలో ఆడవాళ్ళ వరస. అందరివీ వంగిన వీపులే, ఏ ముఖమూ కనబడదు. అయినా సుందరాబాయికి తెలిసింది. నారుకట్టను మోచేతి మీద పసిపిల్లలాగా పండబెట్టుకుని నాటేది ఆ ఊళ్ళో తన తల్లి ఒక్కతే. తల్లి పోయాక జనాబాయి. వీధిలోని వాళ్ళకు వేలు పెట్టి చూపించింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నీ చెల్లె టీవీలో పడ్డదని ఒకరు, ఆమెలో నీ పోలికే ఉందని ఒకరు. వీపులో పోలిక ఎక్కడిదని వత్సల నవ్వింది. అధికారి యూరియా గురించి చెబుతూనే ఉన్నాడు. సుందరాబాయి మాత్రం ఆయన భుజం మీదుగా వెనక్కి చూస్తున్నది.

వరస వెనక్కి నడుస్తున్నది. జనాబాయికి అటూ ఇటూ ఉన్నది పడుచుపిల్లలు. వాళ్ళు ఆమెను దాటారు. ఇంకా దాటారు. జనాబాయి లేచి ఎడమచెయ్యి నడుము మీద పెట్టుకుంది. మళ్ళీ వంగింది, రెండు మొక్కలు నాటింది, మళ్ళీ లేచింది. పడుచుపిల్లలు ఒకరినొకరు చూసుకుని ఆమె వెనక నాటేశారు. జనాబాయి నిటారుగా నిలబడి ఒక చెయ్యి చాపింది. తెర మీద మళ్ళీ అధికారి ఒక్కడే, చేతిలో వడ్లు. ఆ తర్వాత మడి రాలేదు.

బొమ్మ అయిపోయాక వత్సల బెల్లం ముక్కలు పంచింది. రామచందర్ పైకప్పు దిగి వచ్చాడు, పైనే ఉన్నందుకు తాను ఏమీ చూడలేదని గుర్తొచ్చి నెత్తి కొట్టుకున్నాడు. సుందరాబాయి ఇంటికి పోయి గంప మీది పళ్ళెం తీసింది. మిల్లు మనుషులు చల్లటి రొట్టెలు మారు మాట్లాడకుండా తిన్నారు. వాళ్ళు పోయాక నాగనాథ్ అడిగాడు, చూస్తివి గదా, ఇంక ముఖం అట్లెందుకుందని.

"దాన్ని గూట్లో పెట్టిన్రు."

"ఎవర్ని? జనాబాయినా? దాని గుంపే దాన్ని పెడతదా?"

"నడుము బోయింది దానికి. నాటలేకపోతున్నది. చెయ్యి చాపింది, చూడలే నువ్వు?"

"నువ్వు చాపినప్పుడు ఇచ్చిందా అది?"

"ఇయ్యలే," అంది సుందరాబాయి. "ఎట్లుంటదో నాకెర్క. గందుకే చెప్తున్న."

ఆమె లేచి అటక మీది సంచి దింపింది. రెండు చీరలు పెట్టింది. నాట్లు ఇంకా పదిరోజులుంటాయని దేవన్న అన్నాడు కదా అంది. రొట్టెలు వత్సల కాలుస్తుందట, అడిగి వచ్చింది. నాగనాథ్‌కు నవ్వు ఆగలేదు.

"నువ్వు బోయి ఏం జేస్తవే? నీకు నాటు రాదనే గదా ఆనాటి లొల్లంత."

"రాదు. గందుకే పోతున్న. నేను దాని పక్కన నాటితే అది ఆఖరు గాదు."

శుక్రవారం పొద్దున్న మొదటి బస్సుకు ఆమె నాయ్‌గావ్ మీదుగా వెళ్ళింది. యాంటెన్నా అటువైపే ఉంది, రామచందర్ బోల్టు గట్టిగా బిగించేశాడు. తర్వాతి సంతకు వచ్చినప్పుడు దేవన్న వత్సల కాల్చిన రొట్టె తింటూ సంగతి చెప్పాడు. మొదటిరోజు అక్కాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడలేదట, పక్కపక్కనే నాటారట. మధ్యాహ్నానికి సుందరాబాయి అందరికంటే వెనకబడిందట. పడుచుపిల్లలు ఆమెను గూట్లో పెట్టారట. జనాబాయి తన నడుము పట్టుకుని వచ్చి అక్కకు చెయ్యిచ్చిందట. ఆ కాస్త బురద ఇద్దరూ కలిసి నాటేసరికి పొద్దుగూకిందట.