మార్పించని బెల్టు

ఏళ్లపాటు ఒక అబద్ధాన్ని మోస్తూ తిరిగాను. దాని బరువుకి నా నడుం వంగలేదు. అదే నా కోపం. వేళకి తిన్నాను, హాయిగా నిద్రపోయాను, నలుగురిలో మంచిదాన్నని అనిపించుకున్నాను. ఇలాంటి పని చేసిన మనిషికి కనీసం జ్వరమైనా రావద్దూ?

నా పేరు చెప్పను. అమలాపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆదివారాలు చర్చిలో పిల్లలకి అబద్ధ సాక్ష్యం ఎంత పాపమో కూడా నేనే చెబుతాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాకో పాత డీజిల్ కారు ఉండేది. దానికి రిపేర్లన్నీ నాగరాజే చేసేవాడు. బైపాస్ రోడ్డులో చిన్న షెడ్డు అతనిది. ఒకసారి సర్వీసింగుకి ఇస్తే, టైమింగ్ బెల్టు మార్చేయాలన్నాడు. ఇంజను లోపలి భాగాలు ఒకదాన్నొకటి కొట్టుకోకుండా వరసలో తిప్పే రబ్బరు పట్టీ అది. ఇన్ని కిలోమీటర్లకని, ఇన్నేళ్లకని కారుని బట్టి ఒక గడువు ఉంటుందట. రెండిట్లో ఏది ముందొస్తే అప్పుడు మార్చాలట. మా కారుకి రెండూ దాటిపోయాయి. తెగేముందు చప్పుడు చెయ్యదనీ, తెగితే బండి ఎక్కడుంటే అక్కడే ఇంజను ఆగిపోతుందనీ విడమరిచి చెప్పాడు.

సరే, తర్వాత చూద్దామన్నాను. మార్పించలేదు.

ఎందుకు? బెల్టు కాకినాడ నుంచి రావాలి, బండి కొన్నాళ్లు షెడ్డులో ఉండాలి అన్నాడు. అన్నాళ్లూ నేను షేరాటోలో, నా స్టూడెంట్ల మధ్య ఇరుక్కుని కాలేజీకి వెళ్లాలి. అదీ కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. లేదు.

ఆ తరవాత కొత్త కారు కొనుక్కుని, పాతది ప్రసాద్ గారికి అమ్మేశాం. రాజోలు వైపు కొబ్బరి వ్యాపారం ఆయనది. చాలా మర్యాదస్తుడు. బండి చుట్టూ తిరిగి చూసి, టైమింగ్ బెల్టు మార్పించేరా అని అడిగారు. "ఆయ్, మార్పించేసేనండి," అన్నాను. నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆయన ఇంకేమీ అడగలేదు. పాఠాలు చెప్పే మనిషి అబద్ధం ఎందుకు చెబుతుందనుకున్నారు.

యానాం వంతెన మీద ఆ బెల్టు తెగింది. ప్రసాద్ గారు, ఆయన భార్య సుజాత కాకినాడ పెళ్లికి వెళ్తున్నారు. ఇంజను ఆగిపోయింది, స్టీరింగు బిగుసుకుపోయింది. వెనకొస్తున్న లారీ గుద్దేసింది. ఆయన దెబ్బలతో బయటపడ్డారు. సుజాత కుడికాలు నుజ్జయింది. ప్రాణం దక్కింది కానీ కర్ర లేకుండా ఆమె మళ్లీ నడవలేదు.

ఆస్పత్రికి పళ్లు పట్టుకుని వెళ్లాను. ప్రసాద్ గారు నన్ను నిందించలేదు. బెల్టు మార్పించేనన్నారు కదండీ అని మాత్రం అడిగారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? నేనేమన్నానో తెలుసా? "మార్చమని నాగరాజుకి ఇచ్చేనండి. అతను మార్చేడో లేదో నాకేం తెలుసు?"

మొదటిది బద్ధకం అనుకుందాం. ఇది మాత్రం పచ్చి దుర్మార్గం.

ఊరంతా నమ్మేసింది. పాత బెల్టు వదిలేసి కొత్తది వేశానని చెప్పే దొంగ మెకానిక్కని పేరు పడింది. బళ్లు రావడం మానేశాయి. నాగరాజు గొంతు చించుకుని చెప్పాడు, ఎవరూ వినలేదు. మేడం గారు అబద్ధం ఆడతారా, నువ్వు ఆడతావా అన్నారట. ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను ఇస్త్రీ చీర కట్టుకుంటాను, అతని చేతులకి గ్రీసు ఉంటుంది. వాళ్లు చూసిన సాక్ష్యం అదొక్కటే. దాన్ని ఊతంగా వాడుకున్నది నేను.

ఒకరోజు పొద్దున్నే మా గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడం గారూ, నేను మార్చమంటే మీరు తర్వాత చూద్దామన్నారు కదండీ?"

"నాకు గుర్తులేదు నాగరాజూ."

"గుర్తు తెచ్చుకోండి. ప్రసాద్ గారికి ఒక్క మాట చెప్పండి చాలు. ఆ అమ్మగారి కాలు నా వల్లే పోయిందంటున్నారండి."

"గొడవలోకి నన్ను లాగకు."

నా మొహంలోకి చూశాడు. నాకు అంతా గుర్తుందని అతనికి అర్థమైంది. ఒక్క తిట్టు కూడా తిట్టకుండా వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే దాన్ని పట్టుకుని అతని మీద కోపం తెచ్చుకునేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. షెడ్డు మూసేసి మస్కట్ వెళ్లిపోయాడు.

మొన్నీమధ్య ఒక ప్రార్థన కూటంలో సుజాత నా పక్కన కూర్చుంది. ఆస్పత్రికి ముందుగా వచ్చింది మీరేనండి, మీ మేలు మర్చిపోలేను అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి భరించలేకపోయాను. అక్కడే మొత్తం చెప్పేశాను.

ఆమె ఏడవలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మస్కట్ వెళ్లేముందు అతను మా ఇంటికొచ్చేడండి. నేను అతని ఎదురుగా ఉమ్మేసేను. నాచేత అలా చేయించేరు మీరు."

కర్ర పట్టుకుని లేచి వేరే వరసలో కూర్చుంది.

నాగరాజు తమ్ముడి దగ్గర నంబరు తీసుకుని మస్కట్‌కి ఫోన్ చేశాను. అంతా విని, పనిలో ఉన్నానండి అని పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం అతనికేముంది?

ఇప్పుడు ఊళ్లో అందరికీ తెలిసింది. నాకు అసలు మంట పుట్టించేది ఏమిటో చెప్పనా? "పోనీలెండి మేడం, కావాలని చేసేరా ఏంటి," అని నన్నే ఓదారుస్తున్నారు. నాగరాజు విషయంలో పోనీలే అన్న నోరు ఒక్కటీ లేదు. మీరూ ఆ మాట అనకండి. నేను కావాలనే అబద్ధమాడాను. ప్రసాద్ గారితోనూ, నాగరాజుతోనూ. ఇది రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.