తిప్ప మీద ఉయ్యాల

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను పెంచి చెప్తాను. మా వంటింటి బల్లి నా నోట్లో పడితే ఉడుమై బయటికొస్తుంది. కాబట్టి ఇందులో ముప్పాతిక భాగం కొట్టేసి చదువుకోండి. నీళ్ల సంగతి వచ్చినప్పుడు మాత్రం ఒక్క చుక్క కూడా తగ్గించకండి.

తెలంగాణ వచ్చిన కొత్తలో మేము షాద్‌నగర్‌లో ఉండేవాళ్లం. అమ్మాయికి నాలుగేళ్లు, బాబుకు ఎనిమిది నెలలు. ఎవరో టెంట్ ఇస్తే, ఆత్మకూర్ దగ్గర కృష్ణా నదిలో ఒక రాత్రి గడిపి రావాల్సిందేనని నేను పట్టుబట్టాను. కారులో బస్తాడు డైపర్లు, ఆరు ఫ్లాస్కులు, ఉగ్గు గిన్నెలు, దోమతెరలు, గ్యాస్ పొయ్యి. వలసలకు పేరుపడ్డ పాలమూరులో కూడా ఇంత సామానుతో ఎవరూ ఇల్లు వదిలి ఉండరు.

జడ్చర్ల దాటేలోపు కారు పదకొండుసార్లు ఆపాను. బాబు ఏడుపుకు ఎదురొచ్చే లారీలు దారి ఇచ్చాయి. ఏటి ఒడ్డుకు చేరాక వాడు అలిసిపోయి కళ్లు మూశాడు. మా ఇంట్లో అప్పుడు ఒకటే చట్టం: పడుకున్న పిల్లవాణ్ని లేపకూడదు. ఇల్లు అంటుకుంటే ముందు మంట ఆర్పాలి, తర్వాతే వాణ్ని ముట్టుకోవాలి.

ఏరు సన్నగా పారుతోంది. ఒడ్డుకు కొంచెం అవతల ఇసుక తిప్ప, దాని మీద ఒంటరి కానుగ చెట్టు. మధ్యలో పాయ మడమల లోతు కూడా లేదు. దాటి వెళ్లి చెట్టుకొమ్మకు మా ఆవిడ పాత చేనేత చీరతో ఉయ్యాల కట్టి, బాబును పడుకోబెట్టి, పక్కనే టెంట్ వేశాం. అమ్మాయి నీటి అంచున గులకరాళ్లు వరసగా పేర్చుకుంటూ కూర్చుంది.

బర్రెలు కాసే ఒక అవ్వ పాయలో నిలబడి మమ్మల్ని చాలాసేపు చూసింది.

“ఏం కొడుకా, జాగా దొరకలేదా? ఏటి నడుమ కాపురం పెట్టినవ్?”

“ఒక్క రాత్రేనవ్వా.”

“పైన వానలు దంచుతున్నయంట. పిల్లలను తీస్కొని జర ఒడ్డుకు పో.”

“మబ్బు తునక కూడా లేదు కదవ్వా!”

“గీడ పడ్డ వాననే గీడికొస్తదా?” అని నవ్వి, కర్ర ఊపుకుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటాక సైరన్ మోగింది. పొడుగ్గా, మూలుగుతున్నట్టు. మా ఆవిడ అన్నం కలుపుతున్న చేయి ఆగింది. “ఏందిది?”

“షిఫ్ట్ అయిపోయింది,” అన్నాను, తడుముకోకుండా. షాద్‌నగర్‌లో మా ఇంటి వెనక రోజుకు మూడుసార్లు కంపెనీ సైరన్ మోగుతుంది. దానికి లేచి, దానికి తిని, దానికి పడుకునే జాతి మాది.

అమ్మాయి తలెత్తి చుట్టూ చూసింది. “బాపూ, కంపెనీ యాడున్నది?”

నేనూ చూశాను. రాళ్లు, ఇసుక, ఆకాశం. “ఆ గుట్ట వెనక ఉంటదిలే తల్లీ.”

కాసేపటికి నీళ్లలో పడుకున్న బర్రెలన్నీ ఎవరూ అదిలించకుండానే ఒక్కసారిగా లేచాయి. ఒక్కటీ అరవలేదు. వరసగా ఒడ్డెక్కిపోయాయి. కొంగలు ఎప్పుడు పోయాయో తెలియదు. అంత పెద్ద ఏట్లో చప్పుడంటూ ఏదైనా ఉంటే అది బాబు ఉయ్యాల కట్టిన కొమ్మ కిర్రుమనడమే.

“బాపూ, నా రాళ్లు ఎవరో తింటున్నరు,” అంది అమ్మాయి.

వరసలో తొమ్మిది పెట్టింది. నాలుగే ఉన్నాయి. చూస్తుండగా మూడయ్యాయి. నీళ్లు ఎర్రగా తిరిగి, నురగ కట్టి, పిల్లిలా వస్తున్నాయి. అప్పుడు రెండో సైరన్ మోగింది. అది కంపెనీది కాదు, పైన డ్యాం గేట్లు ఎత్తుతున్నామని చెప్పే సైరన్. మా ఆవిడ అమ్మాయిని చంకనేసుకుని పాయలోకి దిగింది. అప్పటికే నీళ్లు మోకాలు దాటాయి. “బాబును తీస్కరా!” అని ఒడ్డు నుంచి ఆమె వేసిన కేక యాదగిరిగుట్ట మీద నరసింహస్వామికి కూడా వినిపించి ఉంటుంది.

నేను ఎడమ చేత్తో ఉయ్యాలలోంచి బాబును ఎత్తి భుజానేసుకుని నీళ్లలోకి దూకాను. ఛాతీదాకా నీళ్లు. కాళ్ల కింద ఇసుక కరుగుతోంది. తాడిచెట్టంత మొద్దు నా చెవి పక్కనుంచి పోయింది. వాడు మాత్రం నిద్ర లేవలేదు. ఒడ్డెక్కి వెనక్కి చూస్తే టెంట్ లేదు, తిప్ప లేదు. కానుగ కొమ్మకు కట్టిన చీర ఒక్కటే ప్రవాహంలో కొట్టుకుంటూ, లోపల ఎవరో ఉన్నట్టు ఉబ్బుతోంది.

ఈ కథ నేను పెళ్లిళ్లలో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, తెలియనివాళ్లకు బస్సులో చెప్పాను. కథ సైరన్ దగ్గరికి రాగానే మా ఆవిడ లేచి చాయ్ పెడతానని వంటింట్లోకి పోతుంది. బాబుకు మాత్రం ఇదే ఇష్టమైన కథ. ఇప్పుడు నా భుజం దాకా వచ్చాడు. అయినా ప్రతిసారీ అడుగుతాడు, “బాపూ, నన్ను ఏ చేత్తో ఎత్తుకున్నవ్?”

“ఎడమ చేత్తో, బిడ్డా.”

వాడిప్పుడు తెలుగు గడగడా చదువుతున్నాడు. ఇదీ చదువుతాడు. అందుకే రాస్తున్నాను.

మొద్దు అంత పెద్దది కాదు. అది పెంచి చెప్పడం, దాన్ని వదిలేయండి. కల్పించింది ఒక్కటే. నీళ్లు ఛాతీదాకా వచ్చిన మాట నిజం, ఆ ఛాతీ నాది కాదు. వాడు నిద్రలో ఉన్నాడు కదా, ముందు సామాను దాటించి వచ్చి మెల్లగా ఎత్తుకుందామనుకున్నాను. మా ఇంటి చట్టం అది. ఒడ్డెక్కి తిరిగి చూసేసరికి పాయ లేదు, ఏరే ఉంది. ఆ ఏట్లో బర్రెల అవ్వ నా కొడుకును నెత్తిన పెట్టుకుని వస్తోంది.

ఒడ్డుకొచ్చి వాణ్ని తల్లికిచ్చి, అవ్వ నా చేతులవైపు చూసింది.

ఎడమ చేతిలో గ్యాస్ పొయ్యి ఉంది. కుడి చేతిలో నా చెప్పులు.